కడిగిన సజ్జలు

గూట్లో చప్పుడు లేదు.

కరుణశ్రీ చేతిలో చీపురు ఆగిపోయింది. నిన్నటిదాకా తెల్లారకముందే ఇల్లెగిరిపోయేలా అరిచిన పిల్లలు! స్టూలెక్కి చెక్కపెట్టె మూత లేపింది. పిచ్చుక పిల్లలన్నీ నోళ్లు తెరుచుకునే బిగుసుకుపోయి ఉన్నాయి.

ఆ పెట్టె ఆమె భర్త దయానంద్ చేసింది. గోడకు తగిలించిన నెలలోనే లారీ గుద్ది చచ్చిపోయాడు. అప్పటినుంచి అతని తల్లి భాగ్యవ్వ మంచం దిగలేదు. బతిమాలితేగానీ ముద్ద ముట్టలేదు. ఈ వేసవిలో పిచ్చుకలు గూడు కట్టాకే లేచి వాకిట్లో కూర్చుంది. అడిగి అన్నం పెట్టించుకుంది.

"నా కొడుకు చేసిన ఇంట్ల సంసారం వెట్టినయే," అని ఒకటే మురిపెం.

ఇప్పుడామెకేం చెప్పాలి?

పిల్లి పనా? గోరు గీత లేదు. చీమలా? ఒక్కటీ లేదు. ఎండా? పెట్టె చూరు నీడలోనే ఉంది. పిల్లల పొట్టలు మాత్రం వీపులకంటుకున్నాయి. ఆకలి! మరి తల్లీ తండ్రీ ఏవి?

రెండూ పసుపు ఆరబోసిన పట్టా అవతల దొరికాయి. రెక్కలు పరుచుకుని, పక్కపక్కనే. దగ్గర్లో మూకుడు. అందులో సజ్జలు.

కరుణశ్రీ మూకుడు చేతిలోకి తీసుకుంది. ఆ సజ్జలు తెచ్చింది తనే. అంకాపూర్ దగ్గర తను పనిచేసే సీడ్ ప్లాంట్‌లో, మందు పట్టించి ఎర్రరంగు వేసిన విత్తనాలు కింద రాలితే కొంగున కట్టుకొచ్చింది. భయపడి అడిగితే తోటి కూలి ముత్తెమ్మ నవ్వింది.

"రంగు పోయేదాక కడుగు, మందు గూడ పోతది. మా కోళ్లు తింటలేవా? నీ పిట్టలేమన్న దొరసాన్లా?"

కడిగే పని భాగ్యవ్వే తీసుకుంది. రోజూ పొద్దున్నే బియ్యం కడిగినట్టు పిసికి పిసికి కడిగేది.

"కరుణా, పిల్లలు అరుస్తలేవేందే?"

"పిల్లి..." అంటూ వెనక్కి తిరిగింది కరుణశ్రీ.

గడపలో భాగ్యవ్వ. చేతిలో అప్పుడే కడిగిన సజ్జల గిన్నె. కరుణశ్రీ ఒక్క దూకులో వెళ్లి గిన్నె లాక్కుంది.

"గట్ల గుంజుకుంటవేందే? ఆకలిగొని ఉంటయి!"

"వద్దత్తా. గిండ్ల మందు పోలే." గిన్నె కొంగు చాటున పెట్టుకుంది. "తప్పు నాదే. నేనే తెచ్చిన."

ముసలామె పట్టా అవతలికి చూసింది. తర్వాత తన అరచేతుల్లోకి చూసుకుంది. గీతల్లో ఇంకా లేత ఎరుపు.

"రంగు పోయేదాక కడిగిన గదనే..."

మధ్యాహ్నం కరుణశ్రీ కంచం పట్టుకుని మంచం దగ్గర కూర్చుంది. భాగ్యవ్వ చేతులు చీరకుచ్చిళ్ల కింద దాచుకుంది.

"గీ చేతులతోని తినుమంటవా?"

"నేను తినిపిస్తత్తా. జర నోరు తెరువు."

ముద్ద పెదవుల దాకా తీసుకెళ్లింది. అన్నం చల్లారి వేళ్లకు అంటుకుపోయింది. ఆ నోరు తెరుచుకోలేదు.