సుగుణ నడిచిన గట్టు

పొద్దుగాల త్రిపురారం గట్ల మీద గుంటగలగర పూలు చూస్తే చాలు, నిన్న సుగుణ ఎవరి పొలంల నాట్లేసిందో తెలిసిపోయేది. తడి మట్టిల ఆమె అడుగు పడ్డ కాడల్లా తెల్లారేసరికి మొక్క లేచి, అంగీ గుండీ అంత తెల్లపూవు పూసేది. కొందరికి చేతి చలువ, కొందరికి కాలి చలువ. ఆడోళ్లు ఆ ఆకు కోసుకపోయి తలకు నూనె కాచుకునేటోళ్లు.

పక్కింటి గోపమ్మకు మాత్రం కడుపు మండేది. మొగుడు పోయిన ఆమెను పట్టుకుని ఊరంత "సుగుణా, జర మా గట్టు మీద కూడ నడువరాదు" అని బతిమాలుడేంది? తనను ఎవరన్న నడువమన్నరా?

దిష్టి తీయనీకె కాలికింద మట్టి ఎత్తుడు గోపమ్మకు అలవాటే. ఒకనాడు పొద్దుగూకంగ, ఎవరు చూడకుండ, సుగుణ అడుగుల బురద గంపలకు ఎత్తింది. పెరట్ల చల్లితే పూలు తనకే పూస్తయని ఆశ. పెరట్లకు పోతుంటే గంప కారి, గేటు నుంచి వాకిట్ల మొగుడు వీరేశం మంచం దాకా బురద రాలింది. ఆడికొచ్చి చూస్తే గంప ఖాళీ.

తెల్లారి వాడకట్టంత వాకిట్ల మూగింది. గేటు నుంచి మంచం దాకా పూలే.

"రాత్రి గీడికొచ్చినవా సుగుణా?" అని అడిగింది వీరేశం తల్లి.

"నేను రాలేదవ్వా. గోపక్కా, నువ్వన్న చెప్పు," అన్నది సుగుణ.

ఒక్క మాట చాలు. కానీ అందరు సుగుణను అట్ల చూస్తుంటే గోపమ్మకు ఎంత హాయిగున్నదో. నోరిప్పలే. వీరేశం ఒట్లేసిండు, ఎవరు నమ్మలే. సుగుణను నాట్లకు పిలుసుడు బందయింది. బట్టలు మూటగట్టుకుని కోదాడల అక్క ఇంటికి పోయింది.

వీరేశం అప్పటిదాక సుగుణను తలెత్తి చూసినోడు కాదు. ఇప్పుడు కండ్లు తెరిస్తే ఆమె పూలే. ఎండాకాలం కాలువ బందయి, గట్ల మీద గుంటగలగర అంత ఎండిపోయింది. మంచం కాడియి మాత్రం పచ్చగనే ఉన్నయి, రోజు చెంబుతోని నీళ్లు పోస్తున్నడు మరి.

"పీకి పారెయ్యరాదు," అన్నది గోపమ్మ.

"పాపం, నా పేరు మీద గద ఆమె ఊరిడిసింది," అన్నడు వీరేశం.

అప్పుడు చెప్పింది గోపమ్మ, ఏడ్సుకుంట, ఆ బురద తెచ్చింది తనేనని. వీరేశం తిట్టలే. చెంబు కింద పెట్టి అంగీ తొడుక్కున్నడు.

"ఈ మాట ఆమెకు చెప్పొస్త," అని కోదాడ బస్సెక్కిండు.

కాలువకు మళ్ల నీళ్లొచ్చినయి, నాట్లు మొదలైనయి. కోదాడ పోయిన వీరేశం మాత్రం తిరిగి రాలే, ఆ మాట చెప్పుడు ఇంక ఒడువలే.