పుంత మీద గేటు

ఆ శనివారం సాయంత్రంలోగా రమ్యశ్రీ చేయవలసిన పనులు ఇవి:

యార్క్‌షైర్‌లో రైలు దిగే ముసలి దంపతులకి కొండ దిగువ ఊరికి పోయే బస్సు చూడాలి. ఆదివారం ఆ బస్సు లేదు కాబట్టి ప్రయాణం సోమవారానికి మార్చి, వాళ్ళు బస చేసే ఇంటివాళ్ళకి చెప్పాలి.
పొలంలో ఎద్దు ఉందని భయపడుతున్న ఆవిడకి ఏటి గట్టు మీదుగా వేరే దారి గీసి పంపాలి.
గొర్రెల దొడ్డి దగ్గర దారికి అడ్డంగా ముళ్ళతీగ కట్టారని ఒకాయన ఫొటో పెట్టాడు. అక్కడి కౌన్సిల్‌కి ఫిర్యాదు రాయాలి.
అత్తకి బీపీ మాత్రలు కొనాలి.
పాలకొల్లు బస్సు అందుకోవాలి.
పుంత మీద గేటు గురించి నాన్నతో మాట్లాడాలి. కోపం తెచ్చుకోకుండా.

ఆఖరిది తప్ప అన్నీ అయ్యాయి.

రాజమహేంద్రవరంలో ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు వాళ్ళది. ఇంగ్లండులో కారు నడపకుండా పల్లెటూళ్ళు చూడాలనుకునేవాళ్ళకి రైలూ బస్సూ కాలిబాటా కలిపి ప్రయాణం తయారు చేసి ఇవ్వడం అక్కడి పని. రమ్యశ్రీ ఆ దేశం మొహం చూడలేదు. అయినా ఏ ఊళ్ళో చెయ్యెత్తితే బస్సు ఆగుతుందో, ఏ పొలంలో కంచె దాటడానికి చెక్క మెట్లు ఉన్నాయో, ఏ వాగు మీద పలకలు జారతాయో ఆమెకి కంఠతా వచ్చు. రేవుపాలెం చేపలవాళ్ళ పిల్ల. ఆ పాలెంలో డిగ్రీ పాసైన మొదటి మనిషి. ఏ పని అప్పజెప్పినా ఒళ్ళు దాచుకోకుండా చేసేది.

చేరిన కొత్తలో ఒక సంగతి ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. మ్యాపులో జనం నడిచే దారి నేరుగా ఒక రైతు పొలం మధ్యలోంచి పోతోంది.

"పొలం ఆయన ఊరుకుంటాడాండి?" అని మేనేజరు కిరణ్ కుమార్‌ని అడిగింది.

"ఊరుకోక ఏం చేస్తాడమ్మా? దారి జనానిది. దున్నుకుంటే మళ్ళీ చదును చేసి ఇవ్వాలి. తీగ కడితే కౌన్సిలువాళ్ళు తీయిస్తారు."

"అయితే మా పుంతలాంటిదేనండి," అంది రమ్యశ్రీ సంబరంగా.

పుంత అంటే గోదావరి జిల్లాల్లో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చేల మధ్య మనుషులూ బళ్ళూ గొడ్లూ నడిచే మట్టిదారి అది. ఎవరి పట్టాలోనూ ఉండదు, అందరిదీ. రేవుపాలెం పుంత మురుగునీటి డ్రెయిను గట్టు దగ్గర మొదలై పాలకొల్లు రోడ్డు దాకా పోతుంది. దాని మీదే రమ్యశ్రీ మేనత్త వీరవేణి చేపల బేసిను నెత్తిన పెట్టుకుని తెల్లారగట్ల బస్సుకి వెళ్ళేది. రమ్యశ్రీని బడికి దింపిందీ ఆ దారినే. "కాళ్ళీడ్చకే, చేప నీకోసం ఆగదు," అని వెనక నుంచి తరిమేది.

తరవాత రెండు పక్కలా వరిచేలు పోయి రొయ్యల చెరువులొచ్చాయి. చెరువులన్నీ హనుమంతరాజు గారివి. ఏటేటా చెరువు గట్టు ఇవతలికి జరిగింది, పుంత సన్నబడింది. ఎవరూ ఏమీ అనలేదు. మొన్న వేసవిలో రోడ్డు చివర ఇనప గేటు పెట్టి తాళం వేశారు. బయటివాళ్ళ కాళ్ళతో వైరస్ వస్తుందని, రొయ్య పోతుందని చెప్పారు. ఆయన మేత బళ్ళు మాత్రం ఆ పుంత మీదే తిరిగేవి. టైర్లకి వైరస్ అంటదు కాబోలు.

వీరవేణి చుట్టుదారి పట్టింది. అది టిప్పర్లు తిరిగే రోడ్డు, పక్కన అడుగుపెట్టే చోటు లేదు. ఆవిడ పాలకొల్లు చేరేసరికి కొనేవాళ్ళు కొనుక్కుని పోయేవాళ్ళు. మిగిలిన చేప బేసినులోనే మెత్తబడేది. ఒకరోజు టిప్పరు గాలికి బేసినుతో సహా కాలవ వైపు పడి మోచెయ్యి చీరుకుపోయింది.

"పడ్డాను, లేచాను. ఈ ముక్కకి ఏడుస్తావేంటి? నీ పని చూసుకో," అంది ఫోన్లో.

రమ్యశ్రీ ఏడవలేదు, అర్జీ రాసింది. సోమవారం సెలవు పెట్టి, వరసలో నిలబడి, పై ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంది. ఆ అర్జీ కింది ఆఫీసుకి పోయింది, అక్కడి నుంచి ఊళ్ళోకి పోయింది, చివరికి ఎవరి మీద రాసిందో ఆయన చేతికే చేరింది. "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఆమె ఫోనుకి మెసేజీ వచ్చింది. అదే వారం ఇంగ్లండు నుంచి ఇంకో జవాబు వచ్చింది. ఏదో ఊళ్ళో దారికి అడ్డంగా పడేసిన దుంగలు తీయించామని, తెలియజేసినందుకు కృతజ్ఞతలని. కింద ఫొటో కూడా పెట్టారు.

ఆ ఫొటో చూస్తుంటే ఆమెకి చెవులు వేడెక్కాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ వాహ్యాళికి దుంగలు తీయించగలిగింది. కడుపు కోసం నడిచే అత్తకి గేటు తీయించలేకపోయింది.

ఆదివారం పొద్దున్నే హనుమంతరాజు గారు పాలెం పెద్దల్ని చెరువు గట్టు మీది షెడ్డుకి పిలిపించారు. కుర్చీలు వేయించారు. అందరికీ కాఫీ, కారప్పూస.

"రండమ్మా రమ్యశ్రీ గారూ. మన పాలెం అమ్మాయి రాజమండ్రిలో ఉద్యోగం చేస్తోందంటే నాకెంత సంతోషమోనండి. అర్జీలెందుకమ్మా మన మధ్య? కబురు పెడితే నేనే మీ ఇంటికి వచ్చేవాణ్ణి కదండీ."

ఆయన నోట ఎవరికీ ఏనాడూ 'నువ్వు' అన్న మాట రాలేదు. ఆ మర్యాదే రమ్యశ్రీకి ఒళ్ళు మండించింది. తిడితే తిరిగి తిట్టవచ్చు. కాఫీ ఇస్తే ఏం చేస్తుంది?

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, పాలెం పెద్ద అయిన వీరబాబు చేతిలో పెట్టారు. వీరబాబు రమ్యశ్రీ తండ్రి. రెండు చేతులూ చాచి ప్రసాదంలా అందుకున్నాడు. "ఇంకేంటండి, మీ ఇష్టం వచ్చినప్పుడు తీసుకోండి, వేసుకోండి," అన్నారు రాజుగారు. అందరి మొహాలూ వెలిగాయి. గేటు మీద అప్పుడే బిగించిన నీలం బోర్డు ఉంది. "రేవుపాలెం వారు హనుమంతరాజు గారి అనుమతితో ఈ దారిన నడువవచ్చును."

ఆ బోర్డు రమ్యశ్రీకి కొత్త కాదు. ఇంగ్లీషులో అలాంటివి చాలా చూసింది. ఆ దేశంలో ఎవరినీ అడగకుండా జనం ఇరవై ఏళ్ళు బాహాటంగా నడిస్తే ఆ దారి జనానిదైపోతుంది. అందుకని తెలివైన భూస్వామి దారి మూయడు. నవ్వుతూ బోర్డు పెడతాడు, నా అనుమతితో నడవండి అని. అనుమతితో నడిచిన నడక లెక్కలోకి రాదు. అలాంటి దారి వచ్చినప్పుడల్లా రమ్యశ్రీ తన మ్యాపులో వేరే రంగు వేసి, "ఇది ఎప్పుడైనా మూసేయవచ్చు" అని పక్కన రాసేది.

"నాన్నా, ఆ తాళంచెవి ఇచ్చెయ్," అంది.

"ఏంటే?"

"అది తీసుకుంటే పుంత ఆయనదని మనమే ఒప్పుకున్నట్టు."

"అర్జీ పెట్టావు, దారి వచ్చింది. ఇంకేం కావాలి నీకు?"

"దారి రాలేదు. తాళంచెవి వచ్చింది. అనుమతి ఇచ్చినవాడు రేపు ఇవ్వననొచ్చు. ఇంగ్లండులో ఇలాగే చేస్తారు."

హనుమంతరాజు గారు మెల్లిగా నవ్వారు. "అమ్మాయిగారు బాగా చదువుకున్నారండి. కానీ ఇది పాలకొల్లు దగ్గరమ్మా, లండన్ కాదు."

షెడ్డులో అందరూ నవ్వారు. వీరబాబు కూడా నవ్వాడు. మిగతావాళ్ళ నవ్వు ఆమె మర్చిపోగలదు.

ఇంటికొచ్చాక వీరబాబు నవ్వు మొహం మాయమైంది. "నువ్వు రేపు బస్సెక్కి పోతావు. మేం ఇక్కడ బతకాలి. మన కుర్రాళ్ళు సగం మంది ఆయన చెరువుల్లో రొయ్యల పట్టుబడికి వలలు లాగుతున్నారు. రేపట్నుంచి పిలవకపోతే నువ్వు పెడతావా వాళ్ళకి తిండి?"

"అందుకని పుంత రాసిచ్చేస్తామా?"

"ఎవడు రాసిచ్చాడే? తాళంచెవి తీసుకుంటే రాసిచ్చినట్టా? నాలుగక్షరాలు వస్తే తండ్రికి తెలివి లేదనుకుంటున్నావు."

వీరవేణి వాకిట్లో వల మీద చిక్కు తీస్తూ అంతా వింటోంది. "ఆ బోర్డు మీద ఏం రాశారంట?" అని అడిగింది.

రమ్యశ్రీ చెప్పింది.

"అనుమతి ఎవరడిగారు? మా అమ్మ అడగలేదు, నేనడగలేదు. ఈ వయసులో కొత్తగా అడుక్కోమంటాడా?" అంది వీరవేణి. మళ్ళీ చిక్కు తీయడంలో పడింది.

సోమవారం తెల్లవారుతుండగా అత్తా మేనకోడలూ పుంత మీద బయల్దేరారు. రమ్యశ్రీ భుజాన బ్యాగుంది, మొదటి బస్సు పట్టుకుంటే ఆఫీసు వేళకి చేరుతుంది. వీరబాబు తాళంచెవి అందిస్తే వీరవేణి తీసుకోలేదు.

ఆ రోజే చెరువులో పట్టుబడి. రొయ్యలకి ఐసు కొట్టి ట్రేలు ఎక్కించిన లారీ గేటు వైపు వస్తోంది. కాపలావాడు లారీ కోసం గేటు బార్లా తీశాడు. వీరవేణి గేటు దాకా నడిచి, సరిగ్గా రెండు స్తంభాల మధ్య గోనెసంచి పరిచి, బేసిను దించి కూర్చుంది. కొయ్యింగ చేపలు ఒక పక్క, జెల్లలు ఒక పక్క పేర్చింది.

"గేటు తీశారు కదత్తా, పద," అంది రమ్యశ్రీ.

"తీశారనా వెళ్ళేది? గేటు ఉన్నంతసేపూ నేను కదలను. నీ బస్సొస్తోంది, నువ్వెళ్ళు."

బస్సు వచ్చింది. ఫోను మోగింది. కిరణ్ కుమార్. "అమ్మా, ఆ యార్క్‌షైర్ పెద్దాయన సోమవారం బస్సు కచ్చితంగా ఉందా అని రాత్రి మెయిలు పెట్టాడు, చెప్పావా?" రమ్యశ్రీ రోడ్డు మీద బస్సుని చూసింది, గోనె మీద అత్తని చూసింది. "వాళ్ళకి బస్సు ఉందండి. నేనివాళ రావట్లేదండి," అని ఫోను పెట్టేసి, బ్యాగు కింద పడేసి పక్కన కూర్చుంది. ఆమెకి భయం వేసింది. కోపం దానికన్నా పెద్దగా ఉంది కాబట్టి సరిపోయింది.

లారీ హారను కొట్టింది. వెనక వచ్చిన పాలెం ఆడవాళ్ళు ముందు నిలబడి చూశారు, తరవాత ఒక్కొక్కరే బేసిన్లు దించారు. వల లాగిన కుర్రాళ్ళు గట్టు మీద వరసగా కూర్చున్నారు. కాసేపటికి హనుమంతరాజు గారు వచ్చారు.

"వీరవేణి గారూ, ఏంటమ్మా ఇది? ఐసు కరిగిపోతోంది. కాస్త దారి ఇవ్వండమ్మా."

"దారి నాదాండి బాబుగారూ?"

ఆయన లారీ వైపు చూశారు.

"నాదైతే అడగండి, ఇస్తాను. వీరవేణి అనుమతితో అని బోర్డు కూడా పెట్టిద్దురుగాని."

గట్టు మీద కుర్రాళ్ళు తువ్వాళ్ళు మూతికి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారి మొహం కందగడ్డయింది. "లేస్తావా, లేవవా?" అన్నారు.

ఆ ఒక్క 'లేస్తావా'తో రమ్యశ్రీకి ఊపిరాడింది. ఇన్నాళ్ళూ కాఫీల వెనక దాక్కున్న మనిషి బయటికొచ్చాడు. ఈ మనిషితో పోట్లాడవచ్చు.

వీరబాబు పరుగున వచ్చి, "అక్కా, లే. పరువు తీయకు," అన్నాడు.

"నీ చేతిలోది ఆయనకి ఇచ్చేసి రా. అప్పుడు మాట్లాడదాం."

వీరబాబు తాళంచెవి పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వనూ లేదు, దాచుకోనూ లేదు. కాసేపటికి తల తిప్పుకుని ఇంటివైపు వెళ్ళిపోయాడు. ఆ వీపు చూస్తూ రమ్యశ్రీకి జాలి పడాలనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

పోలీసులు వచ్చారు. లేవమన్నారు. "ఇది పుంతండి, ఈ గేటుకి పర్మిషను ఎవరిచ్చారో ముందు ఆయన్ని అడగండి," అంది రమ్యశ్రీ. అడగలేదు. ఆడవాళ్ళని లాగడానికి ఆడ పోలీసులు కావాలని ఫోన్లు చేసుకున్నారు. ఎండ ఎక్కింది. లారీ కింద నీళ్ళు కారి మడుగు కట్టింది. వీరవేణి జెల్లలు కూడా వాసన పట్టాయి, ఆవిడ వాటి వంక చూడలేదు. రొయ్యలు కొన్న వ్యాపారి ఫోన్లో అరుస్తున్నాడు, సరుకు మెత్తబడితే దించుకోనని.

చివరికి హనుమంతరాజు గారు తన మనుషుల వైపు తిరిగి, "ఆ గేటు పీకి అవతల పారెయ్యండి," అన్నారు. బోల్టులు విప్పి రెండు రెక్కలూ చెరువు గట్టు మీద పడేశారు. బోర్డు బోర్లా పడింది. వీరవేణి లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. రమ్యశ్రీ చంకల కింద చేతులేసి లేపింది. పాడైన చేపని డ్రెయినులో పోసి, ఖాళీ బేసిను నెత్తిన పెట్టుకుని, ఆవిడ రోడ్డు దాకా నడిచి, మళ్ళీ పుంత మీదే వెనక్కి వచ్చింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. వారం తిరక్కుండా కేసు పెట్టారు. పుంత మూసినందుకు రాజుగారి మీద కాదు. దారికి అడ్డంగా కూర్చుని నష్టం చేసినందుకు వీరవేణి మీద. దారికి అడ్డం అన్న మాట ఆ కాగితంలో చదివినప్పుడు రమ్యశ్రీ పళ్ళు కొరుక్కుంది. పట్టుబడికి పాలెం కుర్రాళ్ళని పిలవడం మానేశారు. దానికి కొందరు వీరవేణినే తిడుతున్నారు. వీరబాబు అక్కతో మాట్లాడడు. ఆవిడ మాత్రం తెల్లారగట్ల పుంత మీద బస్సుకి వెళ్ళి, చేప అమ్ముకుని, వాయిదా ఉన్న రోజు అదే బేసినుతో కోర్టుకి పోయి, వరండాలో తన పేరు పిలిచేదాకా కూర్చుంటుంది. రమ్యశ్రీ కుదిరినప్పుడల్లా సెలవు పెట్టి పక్కన కూర్చుంటుంది.

పాలకొల్లు రోడ్డున వెళ్ళేవాళ్ళకి రేవుపాలెం స్టాపు దాటాక గేటు లేని రెండు ఇనప స్తంభాలు కనబడతాయి. పనుంటే వాటి మధ్య నుంచి నడిచి వెళ్ళండి, ఎవరినీ అడగకండి. మీరు అడగకుండా నడిచేందుకు ఈపాటికి ఏదో ఒక వరండాలో కూర్చుని ఉండే చేపల వీరవేణిని గుర్తుపెట్టుకోండి.