ఇందలేసియో గొంతు

ఇలా దగ్గరికి జరగండమ్మా, పొయ్యి పక్కన చోటుంది. విర్తూదెస్ కథ గట్టిగా చెప్పుకొనేది కాదు.

ఆమెది మా తబెర్నాస్ ఊరే. మొగుడు ఇందలేసియో మేకలు కాసేవాడు. ఆ రోజుల్లో మా ఎడారికి ఇటలీవాళ్లు తండోపతండాలుగా వచ్చి కౌబాయ్ సినిమాలు తీసేవారు. అందులో ఒక దర్శకుడు మరీ వింత మనిషి. గుర్రాలకు నీలిరంగు పూయించాడు, ఇసుకలో నిలువుటద్దాలు పాతించాడు. ఇందలేసియో ముడతల మొహం చూసి ముచ్చటపడి, చావుకబురు మోసుకొచ్చే పాదిరీ వేషం ఇచ్చాడు.

"ఏం మాట్లాడమంటారు దొరా?"

"నీ ఇష్టం. అంకెలు లెక్కపెట్టు. పెదాలు కదిలితే చాలు, గొంతు తర్వాత ఇంకొకరిచేత పెట్టిస్తాం."

ఇది కూడా చెప్పే సంగతేనా అనుకున్నాడేమో, ఇంటికొచ్చి ఆ ముక్క పెళ్లాంతో అనలేదు. ఆ చలికాలమే ఛాతీజబ్బు చేసి పోయాడు.

"ఫొటో ఉంది కదే," అని పొరుగింటి కసిల్దా ఓదార్చబోతే, "ఫొటో పలుకుతుందా? ఆ సినిమా రానీ, ఒక్కసారి ఆయన మాట వింటాను," అనేది విర్తూదెస్.

రెండేళ్లకు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆట. నల్లబట్టల్లో ముందు వరుసలో కూర్చుంది. తెర ఎర్రబడింది, సూర్యుడు మైనంలా కారిపోయాడు, ఏడు అద్దాల్లో ఇందలేసియో నోరు తెరిచాడు. బావిలోంచి వచ్చినట్టు బొంగురు గొంతు: "మీ గోతులు మీరే తవ్వుకోండి!"

"ఓరి నాయనో! పెళ్లాం ముందు పిల్లిలా ఉండేవాడు, ఇప్పుడు చూడండ్రా!" అని వెనకాల ఎవరో నవ్వారు.

"ఇది ఆయన గొంతు కాదే కసిల్దా."

"ఊరుకోవే పిచ్చిదానా, ఇందులో ఎవరి గొంతూ వాళ్లది కాదు. మా తమ్ముడు తెర మీద తూటా తగిలి పడితే మూలిగింది కూడా ఇంకెవడో!"

 విర్తూదెస్ చూపు తిప్పుకోలేక ఆ పెదాలనే చూసింది. అవి గోతుల మాట అనడం లేదు. ఇందలేసియోకు అంకెలు పదిదాకానే వచ్చు. సాయంత్రం మేకల్ని దొడ్లోకి తోలేటప్పుడు పేర్లు పిలిచే లెక్కపెట్టేవాడు.

"మచ్చలది... కుంటిది... దొరసాని... దొంగమొహంది..." విర్తూదెస్ లేచి నిలబడి ఆ పెదాలతోపాటు పైకే పలికింది. నవ్వులు ఆగిపోయాయి. పదకొండో మేక దగ్గర నీలి గుర్రాలు అడ్డొచ్చాయి.

మిగతా పేర్ల కోసం మర్నాడూ, ఆ మర్నాడూ వెళ్లింది. అదే పొరపాటైంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని మొగుణ్ణి తలుచుకుంటే, "సూప్ పొయ్యవే" అని ఆ బొంగురు గొంతే అడిగేది.

"వెళ్లకపోయినా బాగుండేదే కసిల్దా. చెవిలో మిగిలిన ఆయన గొంతు కాస్తా పోయింది."

చచ్చేదాకా అది తిరిగి రాలేదు.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు ఇందలేసియో మాటల్ని సన్నగా, కాస్త ముక్కుతో పలకండి. ఆయన గొంతు అలా ఉండేది. గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకూ అలాగే పలికి చెప్పండి.