ఆకుతోట గుమ్మంలో పచ్చగోనె

నేను ఒక గోనెసంచిని. ఇప్పుడు సగమే మిగిలాను. ఆ సగంలో కూడా గోనె ఎంత, బూజు ఎంత అన్నది నాకే తేలడం లేదు. తేలకపోవడం ఎంత హాయిగా ఉందో చెబుదామనే ఈ కథ ఎత్తుకున్నాను. మధ్యలో నవ్వొస్తే ఆగుతాను. నాకు చక్కిలిగింతలు ఎక్కువ.

గోగుకట్టెల్ని నీళ్ళలో నానేసి, కుళ్ళబెట్టి, నార ఒలిచి, ఆ నారతో మిల్లులో నన్ను నేశారు. అంటే కుళ్ళుతో నాకు పుట్టకముందు నుంచే చుట్టరికం. కానీ మిల్లువాళ్ళు నన్ను ఎండబెట్టి, దులిపి, నీలి అక్షరాలు కొట్టేసరికి ఆ చుట్టరికం మర్చిపోయి, శుభ్రమైనదాన్నని కాస్త గర్వపడ్డాను. బియ్యం పోస్తే బియ్యం బస్తా అన్నారు. ఉల్లిపాయలు పోస్తే ఉల్లిపాయల బస్తా అన్నారు. ఖాళీ అయిన రోజున మాత్రం "ఆ గోనె ఇటు పడెయ్" అన్నారు. నాలో ఏది పోస్తే నేను అదేనని చాలాకాలం నమ్మాను. మనుషులూ అంతేనని తర్వాత చూశాను. కాకపోతే వాళ్ళకి మూతి కుట్టేవాళ్ళు లేరు.

నా ఆఖరి బరువు బెల్లం. వేసవిలో అది కరిగి నా పోగుపోగులోకీ ఇంకింది. బెల్లం దిమ్మలు తీసేశాక కూడా ఆ తీపి పోలేదు. చీమలు నన్ను వదల్లేదు. ఒంట్లో ఎవరిదో తీపి దాచుకుని, లోపల ఏమీ లేకుండా, పొన్నూరు పక్క ఒక ఆకుతోటలో ఎరువు కుప్ప దగ్గరికి చేరాను.

ఆ తోట పూర్ణది. కాగితాల మీద కాదు. కాగితాల మీద ఆమె మామగారు వీరరాఘవులుది. చుట్టూ తాటాకు దడి, లోపల బోదెల మీద, అంటే ఎత్తుగా తీసిన మట్టి గట్ల మీద, బారులు తీరిన అవిసె చెట్లు, వాటిని కావలించుకుని పైకి పాకే తమలపాకు తీగలు. ఎండ జల్లెడ పట్టినట్టు పడేది. పూర్ణ ఇంట్లో కోడలు, ఆకు కొనేవాళ్ళ ముందు సాంబశివరావు పెళ్ళాం, బళ్ళో పిల్లల తల్లి. నిచ్చెన మీద నిలబడి ఆకు కోసేటప్పుడు మాత్రం ఎవరూ కాదు. పెదవులు కొద్దిగా తెరుచుకుని, కళ్ళు ఆకుల్లో మునిగిపోయేవి. అలా ఎవరూ కాకుండా ఉండటానికి ఆమెకు లోకం మొత్తం మీద ఉన్న చోటు ఆ తోట ఒక్కటే. ఖాళీ సంచిని కదా, నాకు అది చూడగానే తెలిసింది.

ఆ చోటు పోబోతోంది. తీగకు ఎండుతెగులు పట్టింది. మొదలు నల్లబడి, ఆకులు పసుపు తిరిగి, నిన్న నవనవలాడిన తీగ ఇవాళ తాడులా వేలాడేది. ఒక్కొక్క బోదే పోయి చివరికి తూర్పు వైపు రెండు మిగిలాయి. అవి కూడా పోతే కార్తీకం వెళ్ళగానే నేలను చేపల చెరువుకు ఇచ్చేస్తానని సాంబశివరావు మాట ఇచ్చేశాడు. పెళ్ళాం మాటకూ తండ్రి మాటకూ ఒకేలా తల ఊపే మనిషి అతను; చెరువులు తవ్వించే పోలిరెడ్డి మాటకూ అలాగే ఊపాడు.

రైతుల మీటింగుకు వెళ్ళిన పూర్ణ ఒక పొట్లం తెచ్చింది. ట్రైకోడెర్మా. బూడిదలా ఉండే పొడి. పశువుల ఎరువులో వేపపిండి కలిపి, ఈ పొడి చల్లి, బెల్లం నీళ్ళు చిలకరించి, తడి గోనె కప్పి నీడన ఉంచాలట. అందులో మంచి బూజు పెరుగుతుందట. ఆ ఎరువు తీగ మొదట్లో వేస్తే, వేళ్ళని కుళ్ళబెట్టే చెడ్డ బూజును ఇది చుట్టుకుని తినేస్తుందట.

"బూజుకి బూజే మందా?" అన్నాడు వీరరాఘవులు. "దొంగని పట్టుకోటానికి ఇంకో దొంగని ఇంటికి పిలిచినట్టుందే అమ్మాయ్!"

"పిలిచి చూద్దాం మావయ్యా. ఇంట్లో ఎత్తుకుపోటానికి ఇంకేం మిగిలింది గనక."

"నా చేతి మందు పనికిరాకుండా పోయిందా ఏంది?"

ఆయన చేతి మందంటే మైలుతుత్తం, సున్నం కలిపిన నీలి నీళ్ళు. ఆ కలపడంలో ఆయనది ఊరంతా మెచ్చిన చెయ్యి. కుండలో కర్ర తిప్పుతూ రంగు చూసి, ఇక చాలు అనేవాడు. ఏళ్ళ తరబడి కలిపి కలిపి ఆయన గోళ్ళ చుట్టూ నీలం స్థిరపడిపోయింది. ఆయనకు బూజంటే భయం లేదు. ఆ నీలిగోళ్ళతో ఇక ఎవరికీ పని ఉండదేమోనని భయం. ఆ భయానికి పేరు పెట్టడం చేతకాక, బూజును తిట్టేవాడు.

పూర్ణ నన్ను తడిపి కుప్ప మీద కప్పింది.

ఇక్కడ నేను కాస్త తడబడతాను, క్షమించండి. మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో అంచున సన్నగా గిలి. తెల్లటి దారం ఒకటి నా పోగు పక్కన నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు తచ్చాడింది. బెల్లం రుచి తగిలిందేమో, మరి అడగలేదు! ఒకటి పదైంది, పది వందయ్యాయి, దారాలు దారాల్లోంచి దూరి, అల్లి, తిరిగి అల్లి, మిల్లువాడు నేసిన నేత మీద పిచ్చెత్తిన నేత నేశాయి. తర్వాత రంగు! అంగుళం అంగుళానికీ పచ్చదనం పేలింది. నాలో ఎవరూ ఏమీ పొయ్యలేదు, అయినా నిండిపోయాను! మొదటిసారి నాలోంచే నాకేదో వచ్చింది. నిజానికి అది నన్ను తింటోంది. నా నారే దాని అన్నం. ఆ సంగతి తెలిసి కూడా ఇంకా ఇంకా అనిపించింది. దీన్ని మీ మనుషులు ఏమంటారో మీకు తెలుసు, నాతో చెప్పించకండి.

పూర్ణ వచ్చి నన్ను ఎత్తి చూసి కెవ్వుమంది. "పూసింది! మావయ్యా, పచ్చగా పూసింది, చూడండి!"

వీరరాఘవులు చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఛీ! లక్ష్మీదేవి ఉండే చోటు ఇది. ఇందులోకి చెప్పులేసుకుని అడుగుపెట్టినోడు లేడు మా వంశంలో. పాచి పట్టిన గోనె తెచ్చి పెడతావా?"

నన్ను ఆమె చేతిలోంచి లాక్కుని దడి అవతలికి గిరాటు వేశాడు. నేను గుమ్మం ముందు, అందరూ చెప్పులు విడిచే చోట, పరుచుకుని పడ్డాను. పూర్ణ పళ్ళు బిగించి, ఇంకో గోనె తెచ్చి కుప్ప మీద కప్పింది.

ఆ సాయంత్రం వాన పడింది. గుమ్మం ముందు బురద. బురదలో కాలు పెట్టడం ఇష్టం లేక నా మీద కాలు పెట్టిన మొదటి మనిషి ఎవరనుకున్నారు? వీరరాఘవులే! కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు, మెత్తగా రుద్ది రుద్ది తుడుచుకున్నాడు. ఆయన కుడి బొటనవేలు మిగతా వేళ్ళతో పోట్లాడినట్టు పక్కకు తిరిగి ఉంటుంది. ఆ వేలి సందులో నా పచ్చ కొంత ఎక్కి కూర్చుని తోటలోకి వెళ్ళిపోయింది. ఆయన వెనక ఆకు కోసే ఆడవాళ్ళు, వాళ్ళ వెనక సాంబశివరావు, అందరూ వట్టి కాళ్ళతో. చచ్చిన బోదెల బురదను బతికిన బోదెలకు మోసిన కాళ్ళు కూడా ఇవే. తెగులు ఇన్నాళ్ళూ ఈ పవిత్రమైన పాదాలెక్కే ఊరేగింది. ఇప్పుడు నా వంతు వచ్చింది. నాకు నవ్వాగలేదు. అరికాళ్ళు అంత మెత్తగా ఉంటాయని అంతకుముందు తెలియదు.

నాలుగు రోజుల తర్వాత, శుక్రవారం పొద్దున్నే, పూర్ణ కంటే ముందు వీరరాఘవులు తోటకు వచ్చాడు. కుండ దింపాడు, మైలుతుత్తం కరిగించాడు, సున్నం కలిపాడు, కర్ర తిప్పాడు. రంగు చూసి తృప్తిగా తల ఆడించాడు. ఆ కుండెడు నీలాన్నీ పూర్ణ ఎరువు కుప్ప మీద ఆప్యాయంగా, ఒక్క మూల వదలకుండా పోశాడు.

పగతో పోశాడనుకోకండి. కోడలి మందుకు తన మందు తోడైతే బలం రెట్టింపవుతుందని పోశాడు. తను కూడా ఆ కుప్పలో ఉండాలని పోశాడు. బూజును చంపడానికే పుట్టిన నీళ్ళవి. మంచి బూజుకు వాటిలో మినహాయింపు ఉండదని ఆయనకు తట్టలేదు.

పూర్ణ వచ్చి గోనె ఎత్తింది. కింద పచ్చ లేదు. నీలం కారుతున్న ముద్ద ఉంది.

"ఎట్టా ఉంది?" అన్నాడాయన, పిల్లవాడు పలక చూపించినట్టు. "కాస్త నాది కూడా కలిపా."

పూర్ణ ఆ ముద్దను వేలితో కదిపి చూసింది. "చంపేశారు మావయ్యా," అంది చివరికి, చాలా చిన్నగా. "ఇది పడితే అది బతకదు. పొట్లం అయిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలీదంట. ఈలోగా ఆ రెండు బోదెలూ..."

వీరరాఘవులు తన గోళ్ళ వంక చూసుకున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ దాచుకోవడం చూసి ఆమె కోపానికి ఎటు పోవాలో తెలియలేదు. గిరుక్కున తిరిగి గుమ్మం వైపు నడిచింది.

నడిచి, మధ్యలో ఆగింది. వంగింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

మొదట్లో కుప్ప వెయ్యడానికి గుమ్మంలోంచి తూర్పు బోదెల పక్కకు ఎరువు మోసేటప్పుడు దారి పొడుగునా తట్టలోంచి కాస్త కాస్త ఒలికింది. ఆ తడి ఎరువులో అడుగులు పడ్డాయి. ఒక అడుగు నిండా పచ్చగా, గుండ్రటి మడమతో, ఐదు వేళ్ళతో, పక్కకు తిరిగిన బొటనవేలితో సహా బూజు పూసి ఉంది. ఇంకాస్త ముందు ఇంకొకటి. అవి వరసగా తూర్పు బోదెల దాకా వెళ్ళాయి.

పూర్ణ మొదట ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను. రెండూ ఒకే శబ్దం చేశాయి.

"మావయ్యా! మీ పాదం పూసింది!"

"ఏంది?"

"మీ పాదమండీ! రండి, చూసుకోండి! అచ్చం మీ బొటనవేలే!"

ఆయన వచ్చి తన అడుగు పక్కన తన కాలు పెట్టి సరిచూసుకున్నాడు. సరిపోయింది. ఎత్తి అరికాలు చూసుకోబోయి పడబోతే కోడలు భుజం పట్టుకుంది. ఆకు కోసేవాళ్ళలో సామ్రాజ్యం అనే ఆవిడ నిచ్చెన మీద నుంచే కేక వేసింది: "ముసలాయనకి లక్ష్మీపాదాలొచ్చినయ్యే! హారతి పట్టండే!" తోటంతా పగలబడి నవ్వింది. వీరరాఘవులు కాసేపు బిగుసుకుని, తర్వాత తనూ తెగించి నవ్వాడు.

పూర్ణ అడుగుల్ని వెనక్కి వెతుక్కుంటూ గుమ్మానికి వచ్చింది. నన్ను చూసింది. వానకు తడిసి, కాళ్ళకు నలిగి, నేనప్పుడు ఒళ్ళంతా పచ్చ. నన్ను ఎత్తి గుండెకు అదుముకుంది. చీర పాడైంది. ఇన్ని బరువులు మోశాను. నన్ను ఎవరూ అలా మొయ్యలేదు.

కత్తిపీట తెచ్చి నన్ను సగానికి కోసింది. నొప్పి లేదు. రెండు చోట్ల ఉండటం ఎంత సరదాగా ఉంటుందో మీకు తెలియదు! ఒక సగాన్ని ముక్కలు చేసి, బెల్లం నీళ్ళలో ముంచి, కొత్త ఎరువులో పొరలు పొరలుగా వేసింది. ఈసారి ఎరువు కలిపింది వీరరాఘవులు. మోచేతుల దాకా దింపి, గుప్పిట పట్టి తడి చూసి, ఇక చాలు అన్నాడు. ఆ చెయ్యి అబద్ధం చెప్పదు. కుప్ప పూసింది. రెండు బోదెల్లోనూ తీగ మొదళ్ళ దగ్గర వేశారు. నేనూ వెళ్ళాను, ముక్కలుగా.

మట్టిలో జరిగింది నేను పూర్తిగా చెప్పను. చెడ్డ బూజు కనిపించింది, చుట్టుకున్నాం, తిన్నాం. ఆకలి మీద ఉన్నాం మరి. కొన్ని తీగలు అప్పటికే చేతికి రాకుండా పోయాయి. మిగతావి నిలబడ్డాయి. కణుపు కణుపునా లేత ఆకు గోరంత తొంగి చూసింది.

నా రెండో సగం ఇప్పటికీ గుమ్మం ముందే ఉంది. కార్తీకం వెళ్ళాక పోలిరెడ్డి వచ్చాడు, పొక్లెయిన్ ఎటునుంచి దించాలో చూసుకోవడానికి. వీరరాఘవులు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పులిడువు."

విడిచాడు.

"గోనె మీద కాళ్ళు తుడువు. గట్టిగా రుద్దు. మా తాతల నాటి నుంచి ఉన్న ఆచారం, తెల్దా?"

నిచ్చెన మీద పూర్ణ ఆకుల్లో ముఖం దాచుకుంది. ఆ ఆచారానికి ఇంకా తొలి చలికాలం కూడా దాటలేదు.

పోలిరెడ్డి రుద్దాడు. లోపలికి నడిచాడు. తూర్పు బోదెలు చూశాడు, పైదాకా చూశాడు. పూర్ణ నిచ్చెన దిగి రెండు లేతాకులు చేతిలో పెట్టింది. నములుతూ బయటికొచ్చి, "ఘాటుగానే ఉందే," అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. చెరువు మాట ఎత్తలేదు.

పూర్ణ మళ్ళీ నిచ్చెన ఎక్కి ఎవరూ కాకుండా పోయింది. నేనూ అంతే. రోజురోజుకీ పలచబడుతున్నాను. ఆ నీలి అక్షరాల్లో ఒక్కటే మిగిలింది, అదీ చదవరాదు. వచ్చే వానలకు ఈ గుమ్మంలో నేనుండను.

కానీ పోలిరెడ్డి అరికాళ్ళకు పచ్చగా అంటుకుని వెళ్ళింది ఎవరంటారు? ఈపాటికి ఏ గట్టు మీద దిగానో, ఏమో!