మోకాలెత్తు పైకప్పు

ఆ శిక్షణ కేంద్రంలో సోలార్ పని నేర్చుకున్న మొదటి బ్యాచిలో ఉద్యోగం దొరికింది అక్క ఒక్కదానికే. అదీ మేడలెక్కి ప్యానెళ్లు బిగించే పని కాదు, అదే కేంద్రంలో తర్వాతి బ్యాచికి పాఠం చెప్పే పని. పేదింటి పిల్లలకు పచ్చని బతుకు ఇస్తామని అక్కడి గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. హాలు మధ్యలో రేకులతో కట్టిన మోకాలెత్తు పైకప్పు ఒకటి. పిల్లలు నడుముకు తాడు కట్టుకుని దాని మీదికెక్కి, పడితే ప్రాణం పోతుందన్నంత జాగ్రత్తగా ప్యానెళ్లు బిగించి, సాయంత్రానికి మళ్లీ విప్పేవాళ్లు. ట్యూబులైటు కింద ఉన్న ఆ ప్యానెళ్లకు ఏనాడూ ఎండ తగిలిన పాపాన పోలేదు.

ఆమెతో పాటు నేర్చుకున్న పొడుగోడు చివరికి పెట్రోలు బంకులో తేలాడు. కేంద్రం ఇచ్చిన ఆకుపచ్చ చొక్కాతోనే బళ్లకు పెట్రోలు పోస్తున్నాడు. గట్టి గుడ్డ, చింపుదామన్నా చిరగట్లేదని నవ్వాడు. అక్కకు నవ్వు రాలేదు.

ఆమె జీతంతో ఇల్లు కాస్త కుదుటపడింది. అదే తమ్ముడి కంట్లో పడింది. వాడు డీజిల్ ఇంజన్ల షెడ్డులో మేస్త్రీకి కుడిభుజం. ఆ పని మానేసి కేంద్రంలో చేరతానన్నాడు. అక్క వద్దంది. ఎందుకని అడిగితే మాత్రం నసిగింది. బయట ఉద్యోగాలు లేవని ఇంట్లో అంటే అమ్మ కడుపులో ఆ మాట దాగదు, తెల్లారేసరికి వీధంతా తెలుస్తుంది, ఆపైన కేంద్రం మేనేజరు చెవిన పడుతుంది.

"నేను బాగుపడితే నీకేంటి నొప్పి?" అన్నాడు తమ్ముడు. అమ్మ కూడా వాడి పక్షమే.

బ్యాచి మొదలైన రోజు మేనేజరు అక్కను ముందుకు పిలిచి, నిన్నమొన్నటిదాకా ఈమె కూడా మీలాగే ఈ బల్లల మీద కూర్చుందని చూపించాడు. వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి, "మేడం, ఉద్యోగాలు నిజంగా వస్తాయా?" అని అడిగింది. మేనేజరు అక్క వైపే చూస్తున్నాడు. ముందు వరసలో తమ్ముడు తల నున్నగా దువ్వుకుని కూర్చున్నాడు.

"మనసు పెట్టి నేర్చుకుంటే వస్తాయి," అంది అక్క.

తమ్ముడు మనసు పెట్టాడు. సర్టిఫికెట్టు చేతికొచ్చాక కాళ్లరిగేలా తిరిగాడు. ఒకచోట అనుభవం లేదన్నారు, ఇంకోచోట ఉన్నవాళ్లకే పని లేదన్నారు. షెడ్డుకు వెళ్తే వాడి స్థానంలో మరొకడు ఉన్నాడు. ఆరోజు వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసు కదా."

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా."

"చెప్తే నా పని పోయేది."

"పోతే పోయేది. నా పని ఉండేది," అన్నాడు. అక్క పొయ్యి వైపు తిరిగింది.

కొన్నాళ్లకు మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆమె పనిలో వంక పెట్టడానికేమీ లేదన్నాడు. కాకపోతే నిధులిచ్చేవాళ్లు వచ్చిన ప్రతిసారీ అదే మనిషిని చూపిస్తుంటే, కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్లెవరని అడుగుతున్నారట. ఈసారి కొత్త ముఖం కావాలట. మీ తమ్ముడు చురుకైనవాడు, మీ స్థానంలో వాణ్ణి తీసుకుంటే జీతం మీ గడప దాటిపోదుగా అని నవ్వాడు కూడా.

తమ్ముడు చేరనన్నాడు. అక్క నోటి దగ్గరి కూడు లాక్కోలేనన్నాడు. అమ్మ కూతురి ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది, చూపు అక్కడే ఆగిపోయింది. అది అక్క గమనించింది.

"చేరు," అంది వాడితో. "ఇద్దరం ఇంట్లో కూర్చుంటే పూట గడవదు."

"నీకు కోపం లేదా?"

"ఉంది. చేరు."

ఎవరి మీదని వాడు అడగలేదు.

మర్నాడు వాడు తయారవుతున్న చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది. అమ్మ కాలరు సరిచేస్తూ వాడితో గొంతు తగ్గించి మాట్లాడుతోంది, ఎంత తగ్గించినా ఆ గొంతులో సంతోషం దాగడం లేదు. వెళ్లబోతూ తమ్ముడు మంచం దగ్గర ఆగాడు. అక్క గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు ఊపిరి తీసింది. వాడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. తలుపు చప్పుడయ్యాక లేచి దుప్పటి మడతపెట్టింది.