పాదులో నీళ్ళు

"ఉషా, పాదు ఆరిపోయింది, చూడలేదా?"

గేటు తీసేసరికి మా ఆయన లక్ష్మీకాంత్ నోటివెంట వచ్చే మొదటి మాట అది. విజయవాడ బెంజ్ సర్కిల్లో బస్సెక్కి, సగం దూరం నిలబడి, మైలవరం రోడ్డులో దిగి నడిచొచ్చిన మనిషిని కాస్త కూర్చోమనేవాళ్ళు లేరు గానీ చెట్టుకి మాత్రం నీళ్ళు కావాలి. భుజాన బ్యాగు దించకుండానే బకెట్టు అందుకునేదాన్ని. ముందు చెట్టు, తర్వాత స్టవ్వు, ఆ తర్వాతెప్పుడో నా మొహం కడుక్కోవడం. మా ఆయనకి కుర్చీలోంచి పాదులో తడి కనిపించేది, ఆ పక్కనే ఉన్న బకెట్టు మాత్రం ఏనాడూ కనిపించలేదు.

ఆ రేల చెట్టు నాది. ఎండలకి లోకమంతా మాడిపోయే రోజుల్లో ఒళ్ళంతా పసుప్పచ్చ గుత్తులు వేలాడేసుకునే చెట్టు. మా పుట్టిల్లు మైలవరం అవతల మెట్టలో. మా గృహప్రవేశానికి నాన్న మొక్క తెచ్చి, గేటు పక్కన తనే గొయ్యి తీసి నాటాడు. వెళ్ళబోతూ నన్ను పక్కకి పిలిచాడు. "రెండు ఎండాకాలాలు ఆదుకో అమ్మాయ్. ఆ తర్వాత నీళ్ళు మానెయ్. దప్పికేస్తే వేరు తనే లోపలికి పోయి వెతుక్కుంటది. రోజూ పోశావనుకో, బద్ధకిస్తది."

అలాగే చేశాను. మూడో ఎండాకాలం నీళ్ళు మానేస్తే చెట్టు ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. రేల పూతకొచ్చే ముందు ఆకు రాలుస్తుంది, అది దాని పద్ధతి. ఆ సంగతి మా అత్తగారు మాణిక్యం గారికి ఎలా తెలుస్తుంది? ఆవిడది పామర్రు పక్కన కాలవ కింద పల్లె. చేలో నీళ్ళు నిలబడి కనిపిస్తేనే ఆవిడకి అన్నం సహిస్తుంది. స్థలం చవగ్గా వచ్చిందని ఇల్లు మాత్రం కొండల పక్కన ఎర్ర గరుసు నేలలో కట్టుకున్నారు గానీ ఇంటిల్లిపాదీ బుద్ధి కాలవ గట్టు మీదే ఉండిపోయింది.

"మీ మెట్టవాళ్ళకి నీళ్ళంటే ఎంత పిసినారితనమే తల్లీ! ఇంటిముందు చెట్టుని ఎండబెడతావా? చూసినవాళ్ళు ఈ ఇంట్లో కోడలికి కూడా తిండి పెట్టరేమో అనుకుంటారు," అన్నారు అత్తగారు. మా ఆయన నవ్వారు. నేను రెండుసార్లు చెప్పి చూశాను. మూడోసారి చెప్పే ఓపిక లేక బకెట్టు అందుకున్నాను. చెట్టు ఏపుగా, పచ్చగా, గొడుగులా పెరిగింది. పువ్వులు మాత్రం ఏటా మొక్కుబడికి నాలుగు గుత్తులు. "పోన్లే, నీడన్నా ఉంది," అంటూ మా ఆయన దాని కింద కారు పెట్టుకున్నారు.

నేను పనిచేసేది ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో. మొదటిసారి ప్రమోషన్ మీద రాజమండ్రి వేస్తామన్నప్పుడు మా అనఘ చిన్నపిల్ల. రెండోసారి అత్తగారి మోకాళ్ళు. రెండుసార్లూ మా ఆయన అడిగింది ఒకే మాట, "ఇక్కడ నీకేం తక్కువ చేశాం?" నిజంగానే కూర్చుని వెతుక్కునేదాన్ని, ఏం తక్కువైందా అని. చీరలున్నాయి, ఏసీ ఉంది, కొట్టే మనిషి కాదు, తాగే మనిషి కాదు. ఏదీ తేలక ఊరుకునేదాన్ని. నా కింద పని నేర్చుకున్న వినీల రెండు ఊళ్ళు తిరిగొచ్చి ఇప్పుడు నాకు మేనేజరు. తను ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది, నాకే సిగ్గుగా ఉంటుంది.

ఈసారి అనంతపురం. "సోమవారంలోపు చెప్పండక్కా. ఈసారీ వద్దంటే ఇంక మీ పేరు నేను పంపలేను," అంది వినీల. ఇంట్లో చెప్తే మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆపి, "అనంతపురమా? అక్కడ తాగడానికి నీళ్ళుంటాయా? ఈ వయసులో నీకేం తక్కువ చేశామని?" అన్నారు. అనఘ ఉద్యోగానికని వెళ్ళిపోయాక ఆ ప్రశ్నకి అడ్డుపడేవాళ్ళు కూడా ఇంట్లో లేరు. కంచాలు తీసేశాను. వద్దని చెప్పేద్దామనే అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం గాలివాన కొట్టింది. అరగంట కూడా కొట్టలేదు. బయటికొచ్చి చూస్తే రేల చెట్టు వేళ్ళతో సహా లేచొచ్చి గేటు మీద పడి ఉంది. రోడ్డవతల బీడులో ఎవరూ నాటని, ఎవరూ చెంబెడు నీళ్ళు పొయ్యని రేల చెట్లు రెండు, పూలు రాలి నిలబడి ఉన్నాయి.

దగ్గరికెళ్ళి చూశాను. అంత కొమ్మల గుబురుకి కింద వేళ్ళు చాటంత. నేను కట్టిన పాదు ఎంతుందో సరిగ్గా అంతే. గట్టుదాకా వచ్చి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, వాటి చుట్టూ అవే చుట్టుకున్నాయి. ఒక్క వేరన్నా కిందికి దిగలేదు. దిగాల్సిన అవసరం మేం రానివ్వలేదు.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మెట్టుమీద కూలబడ్డారు. "రోజూ నీళ్ళు పోశాం కదే, దీనికేం తక్కువ చేశాం?" అన్నారు. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ఆ మాట వెటకారంగా అని ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆవిడ బాధపడే అన్నారు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు. నాన్న పోయి చాలా కాలమైంది, ఆయనకి చెప్పుకునే దారి కూడా లేదు. రాజమండ్రికే వెళ్ళాల్సింది. అప్పుడు ఒంట్లో జీవం ఉండేది. యాభై దాటాక ఇప్పుడు కొత్త నేలలో పడితే ఏమాత్రం దిగుతానో నాకే తెలియదు.

మా ఆయన చెట్టు నరికేవాళ్ళ కోసం ఫోన్లు చేస్తున్నారు. నేను తడిసిన మెట్టు మీద అత్తగారి పక్కనే కూర్చుని వినీలకి ఫోన్ చేశాను.

"నా పేరు పంపు వినీలా."

"నిజంగానా అక్కా? అక్కడ నీళ్ళకి కటకటేనండీ, ముందే చెప్తున్నా."

"పర్లేదమ్మా," అన్నాను. "నాకు దప్పికంటూ వేసి చాలా ఏళ్ళయింది."