అత్తయ్య కారు దిగలేదు

ఫోను మోగే సమయానికి అలేఖ్య డాబా మీద కూర్చుని మావిడి పిందెలు తింటోంది. ఎడంచేతిలో ఉప్పూ కారం, కుడిచేతిలో పిందె. రెండు చేతులూ ఖాళీ లేవని కళ్యాణ్ ఫోను తెచ్చి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. పెళ్లై మూడు నెలలైనా నిండలేదు. మొగుడు అలా ఫోను పట్టుకుని నిలబడటం కూడా ఆమెకి ముచ్చటే.

అవతల విజయవాడ నుంచి పాత కార్ల సంఘం కార్యదర్శి.

“మీ కారు ఊరేగింపుకి ఎంపికైందమ్మా. మీరు పంపిన పాత ఫొటో చూసి అందరం ముచ్చటపడ్డాం. ఆ దంపతులిద్దరే కారులో పక్కపక్కన కూర్చుని రావాలి. అదొక్కటే మా కోరిక.”

అలేఖ్య వేసిన కేకకి పక్కింటి డాబా మీద వడియాలు పెడుతున్నావిడ ఉలిక్కిపడి చూసింది. అలేఖ్య ఆవిడకి కూడా చెయ్యూపి, మెట్లన్నీ దడదడా దిగి కిందికి పరిగెత్తింది.

కారు మావయ్య వేంకటేశ్వర్లు గారిది. గుడివాడలో ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసి రిటైరైన ఆయన జన్మలో చేసిన ఒకే ఒక్క దుబారా అది. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన కప్పుండదు, ఎప్పుడో ఇంగ్లండులో తయారైంది. పెళ్లైన కొత్తలో దాన్ని కొని, అత్తయ్య సరళ గారిని పక్కన కూర్చోబెట్టుకుని మంగినపూడి బీచికి వెళ్లారట. అక్కడ తీసిందే ఆ ఫొటో. అత్తయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గాలికి ఎగిరే పైటని ఒక చేత్తో పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. కారేమో బల్లిలా నేలకి అతుక్కుని ఉంది.

ఇప్పుడు అలా లేదు. నాలుగు చక్రాల మీదా లేచి నిలబడి ఉంటుంది. కాపరానికొచ్చిన మొదటి రోజునే అలేఖ్య చూసి అనేసింది: “ఇదేంటి మావయ్యగారూ, స్పోర్ట్స్ కారంటే ఒంటెలా నిలబడింది?”

ఇంట్లో అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్తయ్యే, కొంగుతో కళ్లు తుడుచుకుని మరీ.

“మన రోడ్లకి అడుగు తగలకుండా నేనే ఎత్తించానమ్మా” అన్నారు మావయ్య.

కార్యదర్శి ఫోను వచ్చిన ఆ రాత్రే అలేఖ్యకి ఆలోచన వచ్చింది. ఫొటోలో ఎలా ఉందో కారుని అచ్చం అలాగే చేయించి, మావయ్యకీ అత్తయ్యకీ చూపించి ఆశ్చర్యపరచాలి. ఇంటర్నెట్టులో బోలెడు వీడియోలు చూసింది. నేలకి జానెడెత్తున పాకుతూ పోయే కార్లు చూసి మురిసిపోయింది. కళ్యాణ్‌ని ఒప్పించడం ఆమెకి పెద్ద పనేం కాదు. ఆ మధ్య అతను దేనికీ కాదనే స్థితిలో లేడు.

సర్వీసింగు అని మావయ్యకి చెప్పి, ఇద్దరూ కారుని బందరులో మెకానిక్కు యలమంద షెడ్డుకి తీసుకెళ్లారు. యలమంద కారు కిందకి దూరి చూసి బయటికొచ్చాడు.

“స్ప్రింగుల కింద ఎవరో ఇనప దిమ్మలు పెట్టి ఎత్తారమ్మా. అవి తీసేసి, ముందు స్ప్రింగులు ఒక చుట్టు కోసి, ఎనక కమాను పట్టీ ఒకటి లాగేస్తే నేలకి దిగిపోద్ది. కోసింది మళ్లీ అతకదు మరి. ఇంట్లో అడిగారా?”

“సర్‌ప్రైజ్ అండీ. అడిగితే ఇంకేముంది!” అంది అలేఖ్య.

శుక్రవారం సాయంత్రం కారు ఇంటికొచ్చింది. అలేఖ్య హారనుని వాయించీ వాయించీ వీధంతా ఏకం చేసింది. మావయ్య బయటికి వచ్చి కారుని చూశారు. చక్రాలకీ పైన మడ్‌గార్డులకీ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. ఆయన వంగి చూసి, లేచి, ఏదో అనబోయారు.

అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుంది. “ఎంత బావుందో చూడండీ! అచ్చం ఫొటోలో లాగే ఉంది. ఎంత తెలివైన పిల్లండీ మన కోడలు!”

“నువ్వు...” అన్నారాయన.

“బావుందంటున్నాగా” అంది అత్తయ్య.

ఆ రాత్రి మావయ్య అన్నం సగంలో వదిలేసి లేచిపోతే సంతోషం ఎక్కువైందనుకుంది అలేఖ్య.

ఊరేగింపు ఆదివారం. ముందు రోజు సరదాగా ఒక తిరుగుడు తిరిగొద్దామని, అవనిగడ్డలో ఉన్న అత్తయ్య అక్కగారు సౌభాగ్యమ్మ గారికి కారు చూపించి రావచ్చని అలేఖ్యే అంది. అత్తయ్య కాసేపు తటపటాయించి సరేనంది. శనివారం పొద్దున కారు ఎక్కేటప్పుడు ముందు సీట్లో కూలబడి, తర్వాత కాళ్లు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. చీర నలగకుండా సర్దుకుంటోందనుకుంది అలేఖ్య. తను వెనక బైకు మీద కళ్యాణ్ నడుముని చుట్టుకుని కూర్చుంది. కోతలైపోయిన పొలాల్లో మినుము పచ్చగా ఉంది. చేపల చెరువుల మీంచి చల్లగాలి వస్తోంది. ముందు ఎర్రకారులో నెరిసిన తలలు రెండూ దగ్గరదగ్గరగా కనిపిస్తున్నాయి. ఇంత బావుంటుందా జీవితం అనిపించి, అలేఖ్య మొగుడి వీపు మీద ముక్కు రాసింది.

పెడన దాటాక కొబ్బరిబోండాల దగ్గర ఆగారు. ఎండ చిమచిమలాడుతోంది. అలేఖ్య ఒక బోండాం కొట్టించి కారు దగ్గరికి తీసుకెళ్లింది.

“నాకొద్దు తల్లీ. నువ్వు తాగు” అంది అత్తయ్య.

“దిగండి అత్తయ్యా, చెట్టు నీడుంది.”

“ఇక్కడే హాయిగా ఉంది. సీటు పరుపులా ఉందనుకో.”

బందరులో లడ్డూల కొట్టు దగ్గరా అంతే. జనం కారు చుట్టూ చేరి ఫొటోలు తీసుకుంటుంటే అత్తయ్య నవ్వుతూ కూర్చుంది. లడ్డూ ఒక ముక్క నోట్లో వేసుకుంది గానీ, మంచినీళ్ల సీసా ఇస్తే పెదవులు తడుపుకుని తిరిగిచ్చేసింది. చల్లపల్లిలో కాఫీ కూడా వద్దంది. అత్తయ్యకి కాఫీ వద్దా! ఇంట్లో రెండు గంటలకోసారి కాఫీ కలిపించుకునే మనిషి. అలేఖ్య మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. జనం చూస్తున్నారని అత్తయ్యకి కాస్త గర్వంగా ఉన్నట్టుంది అనుకుంది. మహారాణిలా కారు దిగకుండా అన్నీ అక్కడికే తెప్పించుకుంటోంది. ఆ మాటే బైకు మీద కళ్యాణ్ చెవిలో అంటే, అతను కూడా నవ్వాడు.

అవనిగడ్డలో సౌభాగ్యమ్మ గారి ఇల్లు మెయిన్ రోడ్డు మీంచి రెండో వీధి. కారు చప్పుడుకి వీధిలో వాళ్లంతా అరుగుల మీదికొచ్చారు. సౌభాగ్యమ్మ గారు పెద్దావిడ. ఇస్త్రీ చీర కట్టుకుని, చెల్లెలి కోసం పొద్దుటి నుంచి పులిహోర కలిపి, ఆవడలు వేసి ఎదురుచూస్తోంది.

“రావే సరళా! ఎన్నాళ్లైందే నిన్ను చూసి! రండి మరిదిగారూ.”

మావయ్య దిగారు. అత్తయ్య దిగలేదు.

“అక్కా, ఈసారికి ఇక్కడి నుంచే వెళ్లిపోతామే. రేపు ఊరేగింపు కదా, పొద్దుపోతుంది” అంది కూర్చునే.

సౌభాగ్యమ్మ గారి మొహంలో నవ్వు ఆగిపోయింది. “వెళ్లిపోవడమేంటే? వంట చేశాను. గుమ్మందాకా వచ్చి లోపలికి రాకపోతే ఎట్లా?”

“ఇంకోసారి వస్తానే.”

ఎదురింటావిడ అరుగు మీంచి వినిపించేలా అంది, “కారు దిగితే రంగు పోతుందేమోలే వదినా.” ఎవరో కిసుక్కుమన్నారు.

సౌభాగ్యమ్మ గారు గిరుక్కున లోపలికెళ్లి, కుంకుమ భరిణ తెచ్చి, కారు దగ్గరే వంగి చెల్లెలి నుదుట బొట్టు పెట్టింది. “మా గుమ్మం తొక్కనంటే ఇంతకంటే నేనేం చేసేది. గొప్పోళ్లయ్యారు. సంతోషం.”

అత్తయ్య తల దించుకుంది. మావయ్య నోరు విప్పబోతే తలూపి వద్దంది.

అలేఖ్యకి అవమానంగా తోచింది. పెద్దావిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, అత్తయ్యకి ఇంత పట్టుదలేంటి? తన సంబరానికి మొదలెట్టిన ప్రయాణం ఇలా పాడవడమేంటి? తానే సర్దేద్దామని గబగబా వెళ్లి కారు తలుపు తీసింది.

“భలేవారే అత్తయ్యా, రండి! అయిదు నిమిషాలు కూర్చుని వెళ్దాం” అని రెండు చేతులూ పట్టుకుని లాగింది.

“వద్దమ్మా... ఆగు... అలేఖ్యా, వద్దు!”

అత్తయ్య సగం లేచింది. మోకాళ్లు ఛాతీ దాకా ముడుచుకుని ఉన్నాయి. ఆనుకోవడానికి ఏమీ లేదు. కాలు నిలవక ఆవిడ వెనక్కి దబ్బున పడింది. తలుపు అంచు మోకాలికి కొట్టుకుంది. నోట్లోంచి వచ్చిన కేకకి అరుగుల మీది వాళ్లంతా లేచి నిలబడ్డారు.

“అయ్యో, దీనికి మోకాళ్లా...” అంటూ సౌభాగ్యమ్మ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మావయ్యా కళ్యాణూ చెరో పక్కా చేరి, చంకల కింద చేతులేసి ఆవిడని లేవనెత్తారు. చీర కుచ్చెళ్లు ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుంటూ, ఇంకో చేత్తో మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది అత్తయ్య. ఇందాక మాటన్న ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చి కుర్చీ వేసింది. అత్తయ్య కుర్చీలో కూర్చోకుండా అక్క చెవిలో ఏదో అంది.

“పద, పద, పెరట్లోకి” అని సౌభాగ్యమ్మ గారు చెల్లెల్ని నడిపించుకుపోయింది.

అప్పుడు అర్థమైంది అలేఖ్యకి కాఫీ ఎందుకు వద్దందో, కొబ్బరినీళ్లు ఎందుకు వద్దందో. పొద్దుట్నుంచీ దిగలేనని తెలిసే గొంతెండబెట్టుకుని కూర్చుంది. తను బైకు మీద మహారాణి అని నవ్వింది.

అందరూ లోపలికెళ్లినా అలేఖ్య గుమ్మం ఎక్కలేకపోయింది. కారు పక్కనే నిలబడి ఉంటే మావయ్య వచ్చారు.

“లోపలికి రామ్మా.”

“కారు ఎత్తించింది రోడ్ల కోసం కాదు కదా మావయ్యగారూ?”

ఆయన తెరిచి ఉన్న కారు తలుపు మూశారు. “మీ అత్తయ్యకి మోకాళ్లు అరిగాక ఇందులోంచి లేవలేకపోయింది. అమ్మేస్తానన్నాను. అమ్మొద్దు, ఎత్తించండి, ఎవరైనా అడిగితే మాత్రం రోడ్ల కోసమని చెప్పండి అంది. నాలుగు చోట్లా మోకాళ్ల గోల ఎందుకని. మా కళ్యాణ్‌కి కూడా తెలీదు.”

“మరి నిన్న చెప్పొచ్చు కదండీ.”

“నీ మొహంలో సంబరం చూసి తను చెప్పనివ్వలేదమ్మా.”

ఒంటె అని తను అన్నప్పుడు అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్విన నవ్వు గుర్తొచ్చి, అలేఖ్యకి చెవులు కాలిపోయాయి. భూమి చీలిపోతే బావుండుననిపించింది. ఇంజనీరింగు చదివింది. స్ప్రింగు ఎంత కోస్తే కారు ఎంత దిగుతుందో లెక్క వేసింది. అందులో కూర్చునే మనిషి గురించి ఒక్క లెక్కా వెయ్యలేదు.

లోపల మంచం మీద అత్తయ్య కాళ్లు చాపుకుని చెంబెడు మజ్జిగ తాగుతోంది. మోకాలి మీద తడిగుడ్డ ఉంది. సౌభాగ్యమ్మ గారు పక్కనే కూర్చుని కళ్లు ఒత్తుకుంటోంది. కళ్యాణ్ గోడకానుకుని నేల చూపులు చూస్తున్నాడు. అలేఖ్య వెళ్లి అత్తయ్య పాదాల దగ్గర కూర్చుంది. ఏడుపొచ్చేసింది.

“ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు నా మాట విను” అంది అత్తయ్య. ఆ గొంతులో నవ్వు లేదు. అలేఖ్య ఆవిడ అలా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. “నాకు కోపం కారు మీద కాదు. మెకానిక్కుని అడిగావు, వీణ్ణి అడిగావు, ఫోన్లో ఎక్కడెక్కడి వాళ్లనో అడిగావు. ఆ సీట్లో కూర్చునేది నేను. నన్ను ఒక్క మాట అడగలేదు.”

“తప్పైపోయింది అత్తయ్యా.”

“నాదీ ఉందిలే. నేనూ నోరు మూసుకు కూర్చున్నాను. అక్క చేత మాట పడ్డాను. ఆ పిచ్చిది వీధిలో వంగి బొట్టు పెట్టిందే, అది చచ్చేదాకా మర్చిపోను.”

“పోనీవే” అంది సౌభాగ్యమ్మ గారు ముక్కు చీదుతూ.

“రేపు మీరు కూర్చోకపోతే ఊరేగింపు...” అని ఆగిపోయింది అలేఖ్య.

“నువ్వు కూర్చో మావయ్య పక్కన. చిన్నదానివి, బావుంటావు.”

“నా వల్ల కాదత్తయ్యా. ఆ సీటు నాది కాదు.”

గుమ్మంలో నిలబడ్డ మావయ్య మెల్లిగా అన్నారు, “తను లేకుండా నేనూ వెళ్లను.” ఆ ఊరేగింపు మాట వచ్చినప్పటి నుంచీ రోజూ ఆ కారుని తుడుస్తున్న మనిషి ఆయన. ఆ మాట మామూలుగా అనడానికి ఎంత కష్టపడ్డారో అలేఖ్యకి కనబడుతూనే ఉంది. తల ఎత్తి ఆయన మొహం చూడలేకపోయింది.

చెంగుతో కళ్లు తుడుచుకుని అత్తయ్య వైపు తిరిగింది. “అయితే మీరే చెప్పండి. రేపేం చేద్దాం?”

అత్తయ్య మజ్జిగ చెంబు కింద పెట్టింది.

“ఆ విజయవాడాయనకి ఫోను చేసి రావట్లేదని నువ్వే చెప్పు. ఎందుకో కూడా చెప్పు, దాచకు. ఈ రాత్రికి అక్క దగ్గరే ఉందాం. రేపు పొద్దున్నే నువ్వూ నేనూ బస్సులో బందరు వెళ్దాం. బస్సైతే పట్టుకోడానికి కడ్డీ ఉంటుంది, ఎక్కగలను. మీ మావయ్య కారు తెస్తారు. ఆ యలమంద షెడ్డులో నన్ను సీట్లో కూర్చోబెట్టు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నా అంతట నేను లేచి నిలబడేదాకా మళ్లీ దిమ్మలు పెట్టించి దాన్ని ఎత్తిస్తూనే ఉండు. ఆదివారం అంటాడేమో, ఇప్పుడే ఫోను చేసి బతిమాలుకో. మొదటి బస్సుకే బయల్దేరాలి. నువ్వు లేవకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను.”